అడగని దారి

చలపతిరావుగారు చచ్చిపోవాలని నేనెన్నడూ కోరుకోలేదు. నిండు నూరేళ్ళూ బతకాలనే కోరుకున్నాను. ఆ నూరేళ్ళూ, తెల్లవారింది మొదలు, ఆయన కాఫీ తాగే వరండా ముందు నుంచి పనిమనుషులూ, పాలవాళ్ళూ, జూనియర్ ఆర్టిస్టులూ, ముక్కూ మొహం తెలియని వాళ్ళూ ఆయన వంక చూడనైనా చూడకుండా నడిచిపోతూ ఉండాలి. కాదనే హక్కు లేక ఆయన చూస్తూ కూర్చోవాలి. తొంభై నాలుగు ఎండాకాలమంతా నాకు వేరే కోరిక లేదు.

నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట నమ్మరు. చీమ కనిపిస్తే కాలు పక్కకి వేసే మనిషినని నాకు పేరు. ఫిల్ము లాబొరేటరీలో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. చీకటి గదుల్లో బతుకంతా గడిపినవాడికి నెమ్మది దానంతటదే అలవడుతుంది. కానీ కసికి గట్టి గొంతు అక్కర్లేదని ఆ ఏడు తెలుసుకున్నాను.

మా ఇల్లు ఫిల్మ్‌నగర్ పల్లంలో. ఇంటి వెనకే బండలు మొదలవుతాయి. ఆ బండల సందుల్లోంచి, సీతాఫలం పొదల్ని ఒరుసుకుంటూ, ఒక కాలిదారి కొండెక్కి అవతల జూబ్లీహిల్స్ రోడ్డు మీద బస్సు ఆగే చోట దిగుతుంది. బండదారి అనేవాళ్ళం. దాన్ని ఎవరూ వెయ్యలేదు. రాళ్ళు కొట్టుకునేవాళ్ళూ, మేకలు కాసేవాళ్ళూ, తర్వాత మాలాంటివాళ్ళూ నడిచి నడిచి, కొన్నిచోట్ల రాయి రుబ్బురోలు లోపల్లా నున్నబడింది. ఆ దారి లేకపోతే కొండ చుట్టూ తిరిగి చెక్‌పోస్టు మీదుగా వెళ్ళాలి. మేము వచ్చేనాటికి ఈ పల్లానికి ఫిల్మ్‌నగర్ అన్న పేరే లేదు. నా భార్య సత్యలక్ష్మి మధ్యాహ్నం పూట క్యారియర్ పట్టుకుని ఆ దారినే కొండ దాటి నాకు లాబ్‌కి అన్నం తెచ్చేది. నేను రిటైరయ్యాక కూడా ఆ నడక మానలేదు. పొద్దున్నే పైదాకా వెళ్ళి, అక్కడొక బల్లపరుపు బండ మీద కాసేపు కూర్చుని, ఎవరింట్లో పొయ్యి రాజుకుందో పొగలు చూసి చెప్పేది.

కొండమీది స్థలం చలపతిరావుగారు కొన్నారు. ఆయన పేరున్న నిర్మాత. ఆయన సినిమాలు కొన్ని మా లాబ్‌లో కడిగినవే. బంగళా కట్టుకున్నారు. తొంభై రెండు మాఘంలో దారికి అడ్డంగా గోడ లేపి, తమ పనివాళ్ళ రాకపోకలకి దాన్లో ఒక చిన్న ఇనపతలుపు పెట్టించారు.

సరిగ్గా అప్పుడే సత్యలక్ష్మికి గుండెజబ్బని తేలింది. ఒకనాడు పొద్దున్న, ఒక్కసారి ఆ బండమీద కూర్చుని రావాలనుంది అంది. గోడ కట్టేశారు కదా అన్నాను. "అడిగితే కాదనడులెండి" అని ఇస్త్రీ చీర తీసి కట్టుకుంది. ఆగి ఆగి ఎక్కాం. పాలు తోడు పెట్టడానికి పక్కింట్లో చెంచాడు మజ్జిగ అడగడానికే మొహమాటపడే మనిషి, ఆ ఇనపతలుపు దగ్గర వాచ్‌మన్‌ని చేతులు జోడించి అడిగింది, అయ్యగారికి చెప్పి ఒక్క ఐదు నిమిషాలు కూర్చోనిమ్మని.

వాచ్‌మన్ లోపలికి వెళ్ళి వచ్చాడు. మంచివాడే. ఆవిడ మొహం చూడలేక నేలకేసి చూస్తూ చెప్పాడు. "వద్దన్నడమ్మా. ఒకలకి తీస్తే ఊరంత వస్తదన్నడు."

దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నేనని తెలిసుండదులెండి" అంది. ఫాల్గుణంలో పోయింది.

కర్మకాండ ముగిశాక నేను శ్రీనగర్ కాలనీలో బసవపున్నయ్యగారి దగ్గరికి వెళ్ళాను. సివిల్ దావాల్లో తల నెరిసిన ప్లీడరు, మా తెనాలి వైపు మనిషి. జనం ఒక దారిన ఇరవై ఏళ్ళు, పట్టపగలు, ఎవరితో తగువు పడకుండా, మానకుండా నడిస్తే అది వాళ్ళ హక్కవుతుందనీ, నేల ఎవరిదైనా దాన్ని మూసే అధికారం ఉండదనీ, పల్లంలో ఉన్న అందరి తరఫునా దావా వెయ్యవచ్చుననీ చెప్పారు. వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, ఇందులో కిటుకు ఒక్కటే ఉంది అన్నారు.

"దారి హక్కు గమ్మత్తైంది పట్టాభిరామయ్యగారూ. అడగనంతకాలమే అది మీది. మీరు అడిగి, అవతలివాడు సరే అన్నాడా, ఇక అది ఆయన దయ. దయని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు."

"మా ఆవిడ అడిగింది" అన్నాను.

"ఇచ్చాడా?"

"లేదు."

"అయితే బతికిపోయాం. కాదనడమే మనకి మంచిదైంది."

ఆయన మామూలుగానే అన్నారు. ఎదురుగా ఉన్న కాఫీ నేను తాగలేకపోయాను.

దావా నత్తనడక నడిచింది. రెండేళ్ళకి, తొంభై నాలుగు శివరాత్రి అయ్యాక, సాక్ష్యాలకి వాయిదా పడింది. కోర్టుకి వేసవి సెలవులిచ్చేలోగా విచారణ ముగించి, సెలవులయ్యాక తీర్పు చెబుతానన్నారు జడ్జిగారు. వాయిదా పడిన వారంలోనే చలపతిరావుగారు మంచివారైపోయారు.

ఇనపతలుపు బార్లా తెరిపించారు. పక్కన తాటాకు పందిరి వేయించి, తడిగుడ్డలు చుట్టిన కుండల్లో అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ పోయించారు. వాచ్‌మన్ కుర్చీ పందిరి కిందికి జరిగింది. వచ్చినవాళ్ళని రండి అనమనీ, పోయేవాళ్ళని మంచిదని పంపమనీ అతనికి ఉత్తర్వు. పొద్దున తెరిచి, పొద్దు గూకగానే మూస్తారు.

బసవపున్నయ్యగారు విని తల పంకించారు. మనవాళ్ళు పాత రోజుల్లో అడక్కుండా నడిచారన్నది నిజమే, కానీ బోనెక్కేటప్పటికి వాళ్ళ నోట మజ్జిగ రుచి ఉంటుంది, పాపం మంచాయన, పోనిస్తున్నాడండీ అంటారు, మొదటినుంచీ పోనిస్తూనే ఉన్నానని ఆయన అంటాడు, జడ్జి రెండూ కలిపి రాసుకుంటాడు అన్నారు. సాక్ష్యాలయ్యేదాకా ఎవర్నీ ఆ తలుపులో అడుగు పెట్టనివ్వకండి అన్నారు.

నాకు కావలసింది అదే. పల్లంలో వాళ్ళనందర్నీ మా వాకిట్లోకి పిలిచి చెప్పాను. ఈ ఎండాకాలం ఎవరూ బండదారిన వెళ్ళవద్దు. చుట్టూ తిరిగే వెళ్ళాలి. మజ్జిగ ముట్టవద్దు. వాచ్‌మన్ పలకరిస్తే పలకవద్దు. దణ్ణం పెట్టవద్దు. పోయిన సత్యలక్ష్మి మీది అభిమానంతో చాలామంది సరేనన్నారు. ఆవిడ వాళ్ళలో సగం మందికి పురిటి పథ్యం వండి పంపిన మనిషి.

రోజూ పొద్దున్నే దారి మొదట్లో ఒక రాతి మీద కూర్చునేవాణ్ణి, కాపలా. పైన పందిరి కింద ఆయన వాచ్‌మన్, కింద నేను. బతుకంతా చిన్న చిన్న మంచితనాలు చూసి మురిసిపోవడం నా బలహీనత. కదిలిన బస్సుని ముసలామె కోసం ఆపిన కండక్టరు, చిల్లర లేదంటే రేపివ్వండి అనే పూలమ్మి, ఇలాంటివి ఇంటికొచ్చి సత్యలక్ష్మికి చెప్పుకునేవాణ్ణి. ఆ ఎండాకాలం మంచితనం కనిపిస్తే చాలు నాకు ఒళ్ళు మండేది. వాచ్‌మన్ ఆ కుండల మీద గుడ్డలు ఎండిపోకుండా మధ్యమధ్య నీళ్ళు చల్లుతూ ఉంటే, దూరం నుంచి చూసి పళ్ళు నూరుకునేవాణ్ణి.

బాలమణి ముందు తిరగబడింది. షేక్‌పేట మనిషి. కొండ అవతల బంగళాల్లో అంట్లు తోముతుంది. ఒకరోజు నడుంలో చీర కొంగు దోపుకుని నా ముందు నిలబడింది.

"మజ్జిగ తాగితే దారి పోతదా సార్? గిదేం కానూన్?"

దయకీ హక్కుకీ తేడా నాకు చేతనైనంత చెప్పాను. ఓపిగ్గా విన్నది.

"నాకు సమజ్ గాలే. గాయన గోడ వెట్టి ఆపిండు. గాయన తలుపు తీస్తే మీరు ఆపుతున్రు. మాకు ఫరక్ ఏంది సార్?"

"వచ్చే ఏడు మళ్ళీ మూస్తాడు బాలమణీ."

"మూస్తే మూయనీయ్. గీ ఎండలైతే పోతయి గద" అని నా పక్క నుంచే పైకి వెళ్ళిపోయింది. పందిరి దగ్గర గ్లాసెత్తి, నాకేసి తిరిగి, తాగి, మూతి తుడుచుకుని మరీ వెళ్ళింది. నవ్వు రావలసిన చోటు అది. రాలేదు.

తెరెసా మాత్రం నా మాట దాటలేదు. ఎదురింట్లో ఉండేది. గుంటూరు వైపు క్రైస్తవులు. నర్సుగా చేసి మానేసింది. చివరి నెల సత్యలక్ష్మికి ఒళ్ళు తుడిచి, జడ వేసి, మందు పట్టింది ఆమే. మోకాళ్ళు అరిగిన మనిషి. అయినా బస్సుకి కొండ చుట్టూ తిరిగే వెళ్ళేది, గొడవ పెట్టకుండా, తలమీద కొంగు కప్పుకుని. వద్దు, మీరు పై నుంచే వెళ్ళండని నేను ఒక్కసారి అనవచ్చు. ఆమె ఒక్కతి వెళ్తే దావా పోయేది కాదు. నేను అనలేదు.

ఏప్రిల్ మధ్యలో ఒక మధ్యాహ్నం చెక్‌పోస్టు దాటాక, చలపతిరావుగారి వీధి గేటు ముందు, ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది. కబురొచ్చి నేను పరుగెత్తేసరికి ఆమె వాళ్ళ వరండాలో పడకకుర్చీలో ఉంది. తలకింద దిండు. నుదుటి మీద తడిగుడ్డ. చలపతిరావుగారు స్వయంగా పక్కన మోడా వేసుకుని విసనకర్రతో విసురుతున్నారు. నన్ను చూసి లేచారు. "కంగారు లేదండీ, తేరుకున్నారు. కారులో దింపిస్తాను" అన్నారు. ఆటో తెచ్చాను అన్నాను. ఆటో ఎండకి పెనంలా ఉంటుంది, కారులో వెళ్ళనివ్వండి అన్నారు. సీటు కాలుతుందేమోనని డ్రైవరు చేత తడి తువ్వాలు పరిపించారు. అవన్నీ చూశాను. ఒక్కటీ మరిచిపోలేదు. మరిచిపోలేకపోవడం వల్ల మరింత కోపం వచ్చింది.

సాయంత్రం తెరెసాని చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటోంది. పక్కన బుట్టెడు ఉన్నాయి. కారులో పంపినవే.

"అన్నయ్యగారూ, ఒక మాటంటాను, మనసులో పెట్టుకోకండి" అంది. "ఇన్నాళ్ళూ సత్యలక్ష్మిగారి కోసం తిరిగాను. మీ కసి కోసమైతే ఇక తిరగలేను. రేపటి నుంచి నేనూ ఆ తలుపులోంచే వెళ్తాను."

"ఆయన మంచివాడనుకుంటున్నారా?"

"మంచివాడో కాదో నాకెందుకు? విసిరాడు. చల్లగా తగిలింది." ఒక తొన నా చేతిలో పెట్టబోయింది. నేను చెయ్యి చాపలేదు.

తెరెసా వెళ్ళాక మిగతావాళ్ళని ఎవరు ఆపగలరు? వారం తిరిగేసరికి దారినిండా జనమే. చుట్టూ తిరిగేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

సాక్ష్యాలు పాతబస్తీ సివిల్ కోర్టులో జరిగాయి. పాత రోజుల్లో రాళ్ళు కొట్టిన ముసలాయన ఒకరు చక్కగానే చెప్పాడు. బాలమణి నేననుకున్నంత పాడు చెయ్యలేదు. మజ్జిగ తాగావా అంటే తాగిన అంది. అయ్యగారికి నమస్తే పెట్టేదానివా అంటే పెట్టేదాన్ని అంది. అంటే అడిగి వెళ్ళేదానివన్నమాట అన్నాడు అవతలి ప్లీడరు. "పొద్దుగాల మీకు గూడ నమస్తే వెట్టిన గద సార్, మిమ్ముల అడిగి కోర్టుకొచ్చిన్నా?" అంది. జడ్జిగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

మమ్మల్ని ముంచినవాడు దేవకుమార్. మా వీధివాడే. షూటింగులకి జూనియర్ ఆర్టిస్టుల్ని పంపే ఏజెంటు. ప్రతి ఆదివారం పిల్లాపాపల్ని వెంటేసుకుని ఆ దారినే ప్రార్థనకి వెళ్ళిన మనిషి. పాత సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడని ఆయన మీదే మా ఆశ. మొదట బాగానే చెప్పాడు. తర్వాత అవతలి ప్లీడరు లేచి, చుట్టాన్ని పలకరించినట్టు, బాగున్నారా దేవకుమార్‌గారూ అని అడిగాడు.

మా ఫిల్మ్‌నగర్‌లో ఆ ప్రశ్నకి ఒకే ఒక్క జవాబు ఉంది. వేషాల కోసం తిరిగేవాడి దగ్గర్నుంచి పెద్ద నటుడి దాకా అందరూ చెప్పే జవాబు. అది నోరు చెప్పేది కాదు, వెన్నెముక చెప్పేది. దేవకుమార్ బోనులోనే నడుం వంచాడు.

"అంతా పెద్దల దయ సార్."

"చలపతిరావుగారి దయ కూడానా?"

"అయ్యో, ఆయన దయ లేకపోతే మేమెక్కడ సార్!"

"ఆ దారిన నడవడం కూడా ఆయన దయేనంటారు?"

"అంతా ఆయన దయే సార్" అన్నాడు దేవకుమార్, చేతులు జోడించి, చిరునవ్వుతో.

జడ్జిగారు టైపిస్టుకి చెప్పారు. టైపు మిషను టకటకలాడింది. మెట్లు దిగుతూ ఉండగా దేవకుమార్ నా భుజం పట్టుకుని ఆగాడు. మొహం పాలిపోయింది. "నేనేమన్నాను పట్టాభిరామయ్యగారూ?" అన్నాడు. ఆయన్ని ఏమనగలను? బతకడానికి నేర్చుకున్న మాట అది.

బసవపున్నయ్యగారు ఫైలు కట్టుకుంటూ, మన సాక్షే మన గొయ్యి తీశాడు అన్నారు. దీనికి విరుగుడు అవతలివాడి నోటి నుంచే రావాలి. సెలవులిచ్చే ముందు చలపతిరావే బోనెక్కుతాడు. ఆ దారి జనానిదని ఆయన ఎప్పుడైనా ఒప్పుకున్నట్టు మీకు తెలిసిందేమైనా ఉందా అని అడిగారు.

లేదన్నాను. బస్సులో వస్తూ కూడా లేదనే అనుకున్నాను. చెక్‌పోస్టు దగ్గర దిగి, ఆ ఎండలో కొండ చుట్టూ నడుస్తూ ఉండగా, ఉందని గుర్తొచ్చింది.

అది సత్యలక్ష్మి జ్ఞాపకం. డెబ్బై రెండులో మద్రాసు నుంచి ఒక యూనిట్ వచ్చి ఆ బండల మీద పాట తీసింది. ఆవిడ క్యారియర్ పట్టుకుని వచ్చేసరికి షాటు సిద్ధంగా ఉంది. జనం రెండువైపుల నుంచీ వస్తూనే ఉన్నారు. ప్రొడక్షన్ మేనేజరు కుర్రవాడొకడు అందరికీ దణ్ణాలు పెడుతూ బతిమాలుతున్నాడట, ఒక్క షాటు, ఒక్క షాటు అని. ఆవిడ ఆగింది. ఆవిడ ఎండలో నిలబడటం చూసి అతను హీరోయిన్ గొడుగు తెచ్చి, షాటు అయ్యేదాకా తనే పట్టుకుని పక్కన నిలబడ్డాడు. చెయ్యి వణుకుతుంటే, పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా నాయనా అని అడిగిందట. లేదన్నాడు. ఆ రోజు నా క్యారియర్లో పై గిన్నె ఖాళీగా వచ్చింది.

ఏళ్ళ తర్వాత పేపర్లో ఫోటో చూపించి, "మన గొడుగబ్బాయి నిర్మాత అయ్యాడండీ" అంది. అప్పట్నుంచీ చలపతిరావు సినిమా ఏది వచ్చినా మొదటి వారమే చూడాలి. బాగా లేకపోయినా బాగుందనాలి. తన కోసం పరాయివాళ్ళెవరైనా గొడుగు పట్టడం ఆవిడ బతుకులో అదొక్కసారే. అడిగితే కాదనడు అన్నది అందుకే.

ఆవిడ నాకు వదిలి వెళ్ళిన వాటిలో అంత మెత్తనిది మరొకటి లేదు. దాన్ని వాడుకునే అధికారం నాకు లేదని తెలుసు. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళి బసవపున్నయ్యగారి చేతిలో పెట్టాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఆవిడ ఊసు నేనెత్తను అన్నారు. ఆయన్నే చెప్పనిస్తాను. సినిమావాడు, కథ చెప్పమంటే ఆగడు.

చలపతిరావుగారు తెల్ల పంచె, లాల్చీతో వచ్చారు. బోనులో హుందాగా నిలబడ్డారు. నడిచేవాళ్ళంటే తనకెప్పుడూ జాలేననీ, పోనిస్తూనే వచ్చాననీ, చుట్టూ ఇళ్ళు లేస్తున్న రోజుల్లో దొంగల భయానికి కొన్నాళ్ళు మూశాననీ తన ప్లీడరుకి చెప్పారు. బసవపున్నయ్యగారు లేచి, దావా సంగతే మరిచిపోయినట్టు, ఆ కొండ మీకు ఎలా నచ్చిందండీ అని అడిగారు.

"పాట కోసం వచ్చాను. అప్పుడు ప్రొడక్షన్ మేనేజర్ని" అన్నారు చలపతిరావుగారు. గొంతు మారింది. "అంత మంచి లొకేషన్ చూడలేదు."

"షూటింగు సాఫీగా జరిగిందా?"

"ఎక్కడండీ! జనం. రాళ్ళ తట్టలు, మేకలు, క్యారియర్లు. షాటు పెడితే చాలు ఎవరో ఒకరు ఫ్రేములోకి వచ్చేవారు."

"మరేం చేశారు?"

"ఏం చేస్తాం, బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఒక మహాతల్లికైతే హీరోయిన్ గొడుగు పట్టుకుని నిలబడ్డాను." నవ్వారు. "నేను పస్తున్నానని తెలిసి ఆవిడ నాకు అన్నం పెట్టింది. పెరుగన్నం, మాగాయ. ఇప్పటికీ ఆ రుచి నాలిక మీద ఉంది."

ఆ నవ్వులో వయసు ఎటో పోయింది. గొడుగు పట్టిన కుర్రవాణ్ణి నేను ఆ క్షణం చూశాను. నా పిడికిళ్ళు బిగుసుకునే ఉన్నాయి.

"పొమ్మని గదమాయించలేకపోయారా?" అన్నారు బసవపున్నయ్యగారు.

"ఎలా గదమాయిస్తామండీ? వాళ్ళ దారి అది. మనమే అడ్డం వెళ్ళాం. అడుక్కోవాలి గానీ..."

ఆగిపోయారు. ఆయన ప్లీడరు పెన్ను కింద పెట్టాడు.

"ఆ చివరి మాట మళ్ళీ చెప్పండి" అన్నారు జడ్జిగారు.

అప్పుడు ఆయన మార్చి చెప్పవచ్చు. పొరపాటున అన్నానని అనవచ్చు. చెయ్యి రైలింగు మీద అటూ ఇటూ కదిలింది. "వాళ్ళ దారి అన్నానండీ" అన్నారు నెమ్మదిగా. టైపు మిషను కొట్టుకుంది. ఆయన అబద్ధమాడి ఉంటే నాకు ఎంత తేలికయ్యేదో.

జూన్‌లో కోర్టు తెరిచాక తీర్పు వచ్చింది. బండదారి జనానిది, పగలూ రాత్రీ తెరిచే ఉండాలి, గోడ తియ్యాలి. చలపతిరావుగారు పై కోర్టుకి వెళ్ళలేదు. కోర్టు అమీను వచ్చేదాకా ఆగకుండా తన మేస్త్రీల చేతనే గోడ తీయించేశారు. మజ్జిగ పందిరి కూడా పీకేశారు.

తొలకరి పడిన మర్నాడు పొద్దున్న గోడ తీశాక మొదటిసారి నేను ఆ దారి ఎక్కాను. తడికి బండలు నల్లగా మెరుస్తున్నాయి. నా ముందు బాలమణి ఎవరితోనో మాట్లాడుతూ, తలైనా తిప్పకుండా, బంగళా పక్క నుంచి వెళ్ళిపోయింది. తర్వాత ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులు. తర్వాత ఒక పాలవాడు. చలపతిరావుగారు వరండాలో కాఫీ గ్లాసుతో కూర్చుని ఉన్నారు. ఎవరూ ఆయన వంక చూడలేదు. నేను కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది. కావాలని అడుగు తగ్గించి నడిచాను.

ఆయన లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, తడి గడ్డిలోంచి నా దగ్గరికి వచ్చారు. ఆ కొద్ది రోజుల్లోనే బాగా నలిగారు. తెరెసాగారు కులాసాగా ఉన్నారా అని అడిగారు. బాగానే ఉన్నారన్నాను.

"తీర్పు గురించి కాదు, అది సరైందే" అన్నారు. "ఒక్క సంగతి అడుగుదామని. మీ ప్లీడరు కావాలనే ఆ పాట దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆనాటి యూనిట్ వాళ్ళెవరూ ఇక్కడ లేరు. గొడుగు సంగతి కోర్టుకి ముందు నేనెవరికీ చెప్పలేదు. అంటే ఆవిడ తెలిసినవాళ్ళెవరో మీలో ఉన్నారు." "ఆవిడ ఉందాండీ? ఈ పల్లంలోనే ఉందా? కోర్టు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. ఒక్కసారి చూసి, కాళ్ళకి దణ్ణం పెట్టుకుంటే చాలు."

చెప్పవచ్చు. రెండు ముక్కలు. ఉండేది, మాఘంలో ఇస్త్రీ చీర కట్టుకుని మీ తలుపు దగ్గరికి వచ్చింది, వద్దన్నారు. అంతే. రెండేళ్ళు దావా నడిపి నేను సంపాదించిన దానికన్నా ఆ రెండు ముక్కలు ఎక్కువ పని చేస్తాయి. నాలిక చివరిదాకా వచ్చాయి కూడా.

కానీ ఆయన మొహం చూశాను. చెబితే ఏడుస్తాడు. అలాంటి మనిషే. గోడ లేపించినవాడు ఆయనే, ఏడ్చేవాడూ ఆయనే. నా ఎదుట ఒక మనిషి ఏడిస్తే నేను తట్టుకోలేను, భుజం మీద చెయ్యి వేస్తాను, పోనీలెండి, తెలియక అన్నారు అంటాను. ఆవిడ ఆ రోజు దిగుతూ అన్నమాటే నేనూ అనేస్తాను. అక్కడితో నా కసి అయిపోతుంది.

"నాకు తెలియదండీ" అన్నాను.

ఆయన తల ఊపారు. తెలిసినవాళ్ళెవరైనా కనిపిస్తే చెప్పమన్నారు. కాఫీ తాగి వెళ్ళమన్నారు. వస్తానని కూడా అనకుండా, ఆయన పక్క నుంచే పైకి నడిచాను.